మార్చుకోలేనివి ముందు చూశాం: తమ్ముడి బీటెక్ ల్యాప్‌టాప్ కొన్న అనుభవం

అమ్మ చిట్టీ ఎత్తుకుంటే వచ్చిన డబ్బులో 45,000 రూపాయలు ల్యాప్‌టాప్‌కని పక్కన పెట్టింది. మిగిలింది తమ్ముడి కాలేజీ ఫీజుకి, పుస్తకాలకి, బస్ పాస్‌కి పోవాలి కాబట్టి ఆ 45,000 దాటే వీల్లేదు. 2025లో వాడికి ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది. మేం ఉండేది ఉప్పల్లో. నేను రాణిగంజ్‌లో బేరింగులు అమ్మే హోల్‌సేల్ దుకాణంలో అకౌంట్స్ చూస్తాను. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు నా పని. నెలాఖరుకి కొంత పని ఇంటికి తెచ్చుకోక తప్పదు. అందుకని కొనేది వాడి పేరుమీదే అయినా ఇంట్లో అందరం వాడుకునే వస్తువు అవుతుందని ముందే తెలుసు.

వాడి సీనియర్లు ఒకటే మాట చెప్పారు: గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో, నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు. వాడు అదే పట్టుకున్నాడు. నేను కాదనలేదు గానీ, నాలుగేళ్లలో నువ్వు చేసే పనులేంటో కూర్చుని రాయమన్నాను. మొదటి ఏడాది సీ భాష. తర్వాత పైథాన్, జావా, డేటాబేస్. వీటిలో ఏదీ గేమింగ్ ల్యాప్‌టాప్‌లో బొమ్మల కోసం ఉండే గ్రాఫిక్స్ కార్డుని విడిగా అడగదు. సీ ప్రోగ్రామ్ కంపైల్ కావడానికి పదేళ్ల కిందటి కంప్యూటర్ కూడా చాలు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లు చాలామంది గూగుల్ కొలాబ్‌లోనే చేస్తున్నారు, అక్కడ లెక్కలు చేసేది మన ల్యాప్‌టాప్ కాదు, గూగుల్ కంప్యూటర్లు. నిజంగా బరువు పడేది రెండు చోట్ల. ఒకటి, బ్రౌజర్లో ఇరవై ట్యాబులు తెరిచి, పక్కన ప్రోగ్రాములు రాసే వీఎస్ కోడ్, ఇంకో పక్క ఆన్‌లైన్ క్లాసు పెట్టుకున్నప్పుడు. రెండోది ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో. దాంతో ఎమ్యులేటర్ (తెర మీద నడిచే నకిలీ ఫోన్) కూడా నడపాలంటే 16 జీబీ ర్యామ్ కావాలి, అంటే పని జరిగేటప్పుడు వాడుకునే మెమొరీ. ఈ రెండింటికీ కావాల్సింది ర్యామ్, లెక్కలు చేసే మంచి చిప్, అంటే ప్రాసెసర్.

గేమింగ్ ల్యాప్‌టాప్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బరువు చాలావాటికి రెండు కిలోల పైనే, దానికి తోడు ఇటుకంత చార్జర్. ఉదయం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆర్టీసీ బస్సు ఎక్కి, నిలబడి కాలేజీదాకా పోయే పిల్లాడు రోజూ దాన్ని మోయాలి. క్లాసులో ప్లగ్గులు అందరికీ ఉండవు కాబట్టి బ్యాటరీ మీదే నడవాలి, గ్రాఫిక్స్ కార్డున్న మిషన్లలో అదే త్వరగా అయిపోయేది. మేం అడిగిన చోటల్లా ధర కూడా మా డబ్బు దాటిపోయింది. రాసిన కాగితం చూసుకున్నాక వాడే ఆ మాట వదిలేశాడు.

దుకాణాలకి వెళ్లేముందు మేం ప్రాసెసర్ పేర్లు చదవడం నేర్చుకున్నాం. ఇది నాకు చాలా పనికొచ్చింది, ఎందుకంటే అమ్మేవాళ్లు మొదట చెప్పేది అదే. "ఐ5 ఉంది" అంటే ఏమీ చెప్పనట్టే లెక్క. 2017 నాటి ఇంటెల్ ఐ5 8250యులో 4 కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే భాగాలు. 2022 నాటి ఐ5 1235యులో 10 కోర్లు, అందులో 2 పెద్దవి, 8 చిన్నవి. అదే 2022లో వచ్చిన ఐ3 1215యు, 2017 నాటి ఐ5 కన్నా చాలా చురుకైనది. అంటే ఐ3, ఐ5 అన్న అంకె కన్నా దాని వెనకున్న నంబర్ చూడాలి. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వైపు ఇంకో తిరకాసు. 7000 వరుసలో నాలుగు అంకెల్లో మొదటిది ఆ పేరు ఏ ఏడాదిదో చెబుతుంది, లోపల డిజైన్ ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యులో మూడో అంకె 2, అంటే జెన్ 2 అనే పాత డిజైన్, నాలుగే కోర్లు. రైజెన్ 5 7530యులో మూడో అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. పేర్లో తేడా ఒక్క అంకె, మేం చూసినప్పుడు ధరలో తేడా నాలుగైదు వేలు, పనిలో తేడా అంతకన్నా ఎక్కువ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "రెండూ రైజెన్ 5యే" అని అమ్ముతుంటే చూశాను. ఇంటెల్ చవక ప్రాసెసర్లు సెలెరాన్ ఎన్4020 లాంటివాటిలో రెండే కోర్లు, వాటితో పాటు వచ్చే స్టోరేజీ చాలాసార్లు 64 జీబీ ఈఎంఎంసీ, నెమ్మదిగా నడిచే చవక రకం. విండోస్ 11కి కనీసం కావాలన్నదే 64 జీబీ. పిల్లల చదువుకి చవగ్గా వస్తుందని అలాంటివి కొనొద్దని మా బంధువుల్లో అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను. రెండో నెల నుంచే అప్‌డేట్ పట్టదు.

మొదట పెద్ద షోరూములు తిరిగాం. ఏసీలో నిలబడి తాపీగా అన్నీ తాకి చూడొచ్చు, ఆ ఒక్కదానికీ షోరూమ్ మంచిదే. ఒకచోట ఒక అబ్బాయి చాలా మర్యాదగా, "అక్కా, గిది తీస్కోండి, 16 జీబీ ఉంది, మస్త్ నడుస్తది" అన్నాడు. నేను అడిగింది ఒకటే: ర్యామ్ బోర్డుకి అతికించి ఉందా, స్లాట్‌లో ఉందా? అతనికి తెలియదు. లోపలికెళ్లి ఇంకొకరిని అడిగొచ్చాడు, ఆయనకీ తెలియదు. తప్పు వాళ్లది కూడా కాదు, ధర కార్డు మీద ఆ వివరమే ఉండదు. కానీ కొనేవాళ్లకి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే. బోర్డుకి అతికించిన ర్యామ్ 8 జీబీ ఉండి, పక్కన ఖాళీ స్లాట్ లేకపోతే, ఆ మిషన్ ఉన్నన్నాళ్లూ 8 జీబీయే. ఇందాక చెప్పిన 7520యు ప్రాసెసర్ పనిచేసేదే ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్‌తో, అది బోర్డుకే అతికించి వస్తుంది. కాబట్టి ఆ ప్రాసెసర్ ఉన్న 8 జీబీ మిషన్ కొంటే తర్వాత పెంచుకునే దారి లేదు.

ఈ సంగతి ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆమెకి ర్యామ్ అంటే తెలియదు, కానీ వెంటనే అందుకుంది. "ఇల్లు కొన్నప్పుడు గోడలకు రంగు ఎప్పుడైనా ఏపిచ్చుకుంటం బిడ్డా, బోరుల నీళ్లు రాకపోతేనే ఏం చేయలేం" అంది. మా ఇల్లు కొన్నప్పుడు నాన్న మొదట చూసింది బోరే. అక్కడి నుంచి మా పద్ధతి స్థిరపడింది. ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఒకపక్క తర్వాత మార్చుకోలేనివి రాశాం: ప్రాసెసర్, స్క్రీన్, కీబోర్డు, బరువు, ర్యామ్ స్లాట్లు. రెండోపక్క తర్వాత చేర్చుకోగలిగినవి: ర్యామ్ పరిమాణం, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్క్) పరిమాణం, మౌస్, నంబర్ ప్యాడ్, బ్యాగు. డబ్బంతా మొదటిపక్కకే పెట్టాలని నిర్ణయించుకున్నాం.

నంబర్ ప్యాడ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నాకు ట్యాలీలో అంకెలు కొట్టడానికి అది కావాలి, 15.6 అంగుళాల వాటిలో అయితే చాలా మోడళ్లకి ఉంటుంది. తమ్ముడికి 14 అంగుళాలది తేలిక. నా పని నెలకి నాలుగు రాత్రులు, వాడి బస్సు ప్రయాణం రోజూ. యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ అప్పట్లో విడిగా ఐదారు వందలకి దొరికేది. కాబట్టి 14 అంగుళాలే.

ఇక సీటీసీ. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ కొనాలన్నా, బాగు చేయించుకోవాలన్నా ముందు వినబడే పేరు అదే. ఉప్పల్ నుంచి మెట్రో బ్లూ లైన్లో మారకుండా ప్యారడైజ్ వరకూ రావచ్చు, అక్కడి నుంచి నడకే. కొత్తవి, పాతవి, విడిభాగాలు, రిపేరు, అన్నీ ఒకే చోట. ఇరుకు మెట్లు, ఒకదానికొకటి ఆనుకున్న కొట్లు, స్క్రూడ్రైవర్ పట్టుకుని ల్యాప్‌టాప్ విప్పుతున్న కుర్రాళ్లు. ఏసీ షోరూములో ఎవరూ చెప్పలేని ర్యామ్ స్లాట్ విషయం ఇక్కడ ఒక కుర్రాడు మోడల్ నంబర్ వినగానే చెప్పాడు: "ఇది రెండు స్లాట్లు అక్కా, ఒకటి ఖాళీ. పక్కది వద్దు, బోర్డ్ మీదే ఉంటది." రోజూ విప్పేవాళ్లకి తెలుస్తుంది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడతారు, తొందరపెడతారు, అయినా సూటిగా అడిగితే సూటిగా చెప్తారు.

స్క్రీన్ పరీక్ష మేం అక్కడే నేర్చుకున్నాం. డెమో పీసులో నోట్‌ప్యాడ్ తెరిచి తెర నిండా పెడితే అంతా తెల్లగా ఉంటుంది. ఇప్పుడు మూతని ముందుకీ వెనక్కీ వంచాలి, పక్కకి జరిగి చూడాలి. ఐపీఎస్ రకం తెర అయితే తెలుపు తెలుపులాగే ఉంటుంది, కాస్త మసక పడుతుంది అంతే. టీఎన్ రకం తెర అయితే కింది నుంచి చూసినప్పుడు రంగులు తలకిందులవుతాయి, అక్షరాలు కనబడవు. నలుగురు పిల్లలు ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరి ప్రాజెక్టు చేసేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. 1366, 768 పిక్సెళ్ల తెరలు ఇంకా అమ్ముతున్నారు, వాటిలో కోడ్ పక్కన ఇంకో కిటికీ పెట్టుకోవడానికి చోటు ఉండదు. 1920, 1080 కన్నా తక్కువ వద్దనుకున్నాం. ఈ ధరలో చాలావాటికి వెలుతురు 250 నిట్స్ దాటదు, రంగులు కూడా ఎన్‌టీఎస్‌సీ అనే కొలతలో 45 శాతం దగ్గరే ఉంటాయి. ఫొటోలు దిద్దేవాళ్లకి అది చాలదు, మా పనికి చాలు. రాత్రిపూట గదిలో చదువుకునేవాడికి కళ్లు నొప్పి పుట్టకుండా ఉంటే అదే గొప్ప. అందుకని తెర మీద అక్షరాలు చిన్నవి చేసి, ఒక పది నిమిషాలు అలాగే చదివాం. దుకాణదారు విసుక్కున్నా సరే, ఈ పది నిమిషాలు వదులుకోకూడదు. కీబోర్డు కూడా అంతే. తమ్ముడు ఒక పేజీ టైపు చేశాక గానీ చెప్పలేకపోయాడు, మధ్యలో కీబోర్డు కిందికి కుంగుతోందా లేదా అని.

పాత ల్యాప్‌టాప్‌ల గురించి కూడా గట్టిగానే ఆలోచించాం. సీటీసీలో కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 లాంటివి దొరుకుతాయి. మాకు చెప్పిన ధరలు 20,000 అటూ ఇటూ. మూడూ 2018 నాటివి, ఎక్కువగా ఇంటెల్ ఎనిమిదో తరం, మూడింటిలోనూ రెండేసి ర్యామ్ స్లాట్లు. కీబోర్డులు కొత్త చవక మోడళ్లకన్నా ఎంతో బాగున్నాయి, ఒళ్లు గట్టిది. ఎనిమిదో తరం అన్న మాట ఇక్కడ చాలా ముఖ్యం, ఎందుకంటే విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మేం తిరిగినప్పుడే ఆ తేదీ దగ్గరపడుతోంది, ఆరో తరం, ఏడో తరం మిషన్లు పది పన్నెండు వేలకి కుప్పలుగా పెట్టి అమ్ముతున్నారు. విండోస్ 11 ఏదో రకంగా ఎక్కించి ఇస్తామంటారు. బ్యాంకు పనులూ, జీఎస్టీ పోర్టలూ తెరిచే మిషన్‌లో అలాంటి పని నేను ఒప్పుకోను.

పాతది కొనేవాళ్లు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, మేం చూసినవే చెప్తున్నాను. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక నివేదిక వస్తుంది. అందులో బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండేది ఎంత అన్నవి పక్కపక్కన ఉంటాయి. మేం చూసిన ఒకదానిలో ఇప్పుడు నిండేది సగం కూడా లేదు. టీ480 లాంటివాటిలో వెనక బ్యాటరీ ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు, మిగతావాటిలో అడుగు విప్పాలి. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఉచితం. ఇక మిషన్ ఆన్ చేస్తూనే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి చూడాలి, పాస్‌వర్డ్ అడిగితే అక్కడికక్కడే వదిలేయాలి. పాత కంపెనీ పెట్టిన ఆ తాళం తీయించడం మన వల్ల కాదు. ఒకే పేరుతో ఉన్నవాటిలోనూ తేడాలుంటాయి: టీ480లో రెండు స్లాట్లు, టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డు మీద, ఒక్కటే స్లాట్. ఎక్స్1 కార్బన్ అందంగా, తేలికగా ఉంటుంది, ర్యామ్ మొత్తం బోర్డు మీదే.

బిల్లు దగ్గర నా ఉద్యోగం అక్కరకొచ్చింది. ఒక కొట్టులో పాతదానికి బిల్లు అడిగితే "బిల్ కావాలంటే 18 పర్సెంట్ ఎక్కువైతది మేడం" అన్నారు. ఇది చాలామంది నమ్మేస్తారు. పాత వస్తువులు కొని అమ్మే వ్యాపారికి జీఎస్టీలో మార్జిన్ పద్ధతి ఉంది. కొన్నప్పుడు కట్టిన పన్నుని తన పన్నులో తగ్గించుకోకపోతే (దాన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు), వస్తువుని పెద్దగా మార్చకుండా అమ్మితే, కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీదే పన్ను కట్టొచ్చు. ఆ మిషన్ మీద రెండు వేలు మిగిలితే పన్ను ఆ రెండు వేల మీదే, 360 రూపాయలు. 20,000 మీద 3,600 కాదు. నేను ఆ మాట చెప్పాక ఆ వ్యాపారి మారు మాట్లాడలేదు, బిల్లిస్తానన్నాడు. మేం కొనలేదు గానీ, బిల్లు లేకుండా పాత ల్యాప్‌టాప్ ఎవరూ కొనొద్దు. అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పుకోవడానికి మన దగ్గర ఉండే కాగితం అదొక్కటే.

మరి పాతది ఎందుకు వద్దనుకున్నాం అంటే, వాడికి నాలుగేళ్లు నడవాలి. 2018 మిషన్ 2029కి పదకొండేళ్లది అవుతుంది. బ్యాటరీ మార్చాలి, కొన్ని నెలల దుకాణం వారంటీ తప్ప మరో భరోసా లేదు, నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద ఎమ్యులేటర్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. మూడేళ్ల డిగ్రీ, వర్డ్, ఎక్సెల్, ట్యాలీ అయితే నేను కళ్లు మూసుకుని పాత టీ480యే తీసుకునేదాన్ని. నాకోసమే కొంటే ఈ రోజైనా అదే కొంటాను.

ఆన్‌లైన్లో ధరలు కొన్ని తక్కువగానే కనబడ్డాయి. కానీ ఒకే పేరుతో ప్రాసెసర్ వేరు, తెర వేరు, ర్యామ్ వేరుగా ఎన్నో రకాలు ఉంటాయి. పూర్తి మోడల్ కోడ్ తీసుకుని కంపెనీ వెబ్‌సైట్లో పెట్టి చూస్తే గానీ అసలు ఏది అమ్ముతున్నారో తెలియదు. ఆ కోడ్ రాయని పేజీలో నేను కొనను. నో కాస్ట్ ఈఎంఐ కూడా లెక్క వేశాను. క్రెడిట్ కార్డు మీద వడ్డీని ముందే తగ్గింపుగా చూపిస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన కార్డుకి పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పెద్ద మొత్తం కాదు, అయినా ఊరికే రాదన్నది తెలిసి తీసుకోవాలి. మాకు చిట్టీ డబ్బు చేతిలో ఉంది కాబట్టి ఆ అవసరం రాలేదు.

చివరికి సీటీసీలోనే తీసుకున్నాం. రైజెన్ 5 7530యు, 14 అంగుళాల ఐపీఎస్ తెర, రెండు ర్యామ్ స్లాట్లు, ఒకదాంట్లో 8 జీబీ, 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్ఎస్‌డీ, 41 వాట్ అవర్ బ్యాటరీ, కిలోన్నర లోపు బరువు. 41,500 రూపాయలు, అన్నీ కలిపి. అందులో 6,330 రూపాయలు జీఎస్టీ. అదే ధరకి 16 జీబీ ర్యామ్ ఉన్నది పక్కనే ఉంది, కానీ దానిది 7520యు. కాగితం మడత రెండోపక్కన ఉన్నదాని కోసం మొదటిపక్కది వదులుకోవడం ఇష్టం లేకపోయింది. తమ్ముడు ఆ మాట నాకన్నా ముందే అన్నాడు.

పెట్టె దుకాణంలోనే, మా ముందే తెరిపించి వీడియో తీసుకున్నాం. పెట్టె మీది సీరియల్ నంబర్, అడుగున ఉన్నది, బయోస్‌లో కనబడేది, మూడూ ఒకటేనా చూశాం. బిల్లు మీద ఆ నంబరు రాయించాను, హెచ్ఎస్ఎన్ అనే వస్తువు పన్ను కోడ్ 8471, దుకాణం జీఎస్టీ నంబరు సహా. కంపెనీ వెబ్‌సైట్లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో ఫోన్లోనే చూశాం. ఇది తప్పక చేయాలి. అంతకుముందు ఇంకో కొట్టులో చూపించిన పీసుకి వారంటీ నాలుగు నెలల కిందటే మొదలైపోయి ఉంది. బిల్లు పంపి తేదీ సరిచేయించుకోవచ్చని వాళ్లన్నారు, నిజమే, కుదురుతుంది, కానీ ఆ తిరుగుడు మనమెందుకు పడాలి? మేం తీసుకున్నదానికి మొత్తం ఏడాది ఉంది. టాస్క్ మేనేజర్లో మెమొరీ పేజీ తెరిస్తే రెండు స్లాట్లలో ఒకటి వాడుకలో ఉందని చూపించింది. ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం.

ర్యామ్ రెండో ముక్క వారం తర్వాత వేయించాం. ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, విప్పితే వారంటీకి ఇబ్బంది ఉంటుందా అని అడిగాను. విరగ్గొట్టకుండా వేసుకుంటే ఫర్వాలేదన్నారు, మా మోడల్ సంగతి అది, ఎవరిది వాళ్లు అడుక్కోవాలి. డీడీఆర్4, 3200 వేగం, 8 జీబీ, రెండు వేల పైచిలుకు. ర్యామ్ ఒక్కటే ఉన్నప్పుడు దానికీ ప్రాసెసర్‌కీ మధ్య ఒకటే దారి, రెండు ఉంటే రెండు దారులు. ఈ ప్రాసెసర్లో గ్రాఫిక్స్‌కి విడి మెమొరీ లేదు, ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది, కాబట్టి రెండో ముక్క వేశాక తేడా కంటికే తెలిసింది. ట్యాబులు మారుస్తుంటే ఇంతకుముందు ఆగి ఆగి వచ్చేవి, ఇప్పుడు వెంటనే వస్తున్నాయి. అప్పుడే వేయించుకోవడం మంచిదైంది. 2025 చివరికి వచ్చేసరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమొరీ ధరలు బాగా పెరిగిపోయాయి. ఇప్పుడు కొనేవాళ్లు ముందు రెండో ముక్క ధర కనుక్కుని, ఆ లెక్క కలుపుకుని చూసుకోవాలి. ఒక్కోసారి 16 జీబీతో వచ్చేదే చవక పడొచ్చు. స్లాట్ ఉందా లేదా అన్న ప్రశ్న మాత్రం అప్పుడూ అడగాల్సిందే.

ఇంట్లో మొదటిరోజు చేసిన పనుల్లో ఒకటి అందరికీ చెప్పాలి. విండోస్ 11లో చాలా ల్యాప్‌టాప్‌లకి డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్లకి తాళం, తనంతట తానే పడుతుంది, దాని తాళంచెవి మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచుకుంటుంది. ఏదైనా అప్‌డేట్ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడిగితే చాలామంది బిత్తరపోతారు, ఆ ఖాతాలోకి ఎలాగూ వెళ్లలేకపోతే, కీ ఇంకెక్కడా లేకపోతే ఫైళ్లన్నీ పోయినట్టే. మేం ఆ కీని రాసి, అమ్మ బీరువాలో ఇంటి కాగితాల మధ్య పెట్టాం. కాలేజీ ఈమెయిల్ వచ్చాక మైక్రోసాఫ్ట్ 365 విద్యార్థుల ఖాతా ఉచితంగా తెరుచుకుంది, అంతవరకూ లిబ్రే ఆఫీస్‌తో నడిపాం. ముందే ఎక్కించి ఇచ్చిన యాంటీవైరస్ ట్రయల్ తీసేశాం, విండోస్‌తో వచ్చేది మాకు చాలు. అమ్మ కోసం తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టాం, అమ్మమ్మ పేరుతో సహా ఫోటోలకి పేర్లు తనే కొట్టుకుంటోంది. ఉపకారవేతనానికి తెలంగాణ ఈపాస్‌లో వివరాలు నింపింది కూడా ఇంట్లోంచే, ఆదాయ ధ్రువపత్రం స్కాన్ చేసి పెట్టుకుంటే ఇంటర్నెట్ సెంటర్ ముందు నిలబడే పని తప్పింది.

మొన్న మా ఎదురింటామె వాళ్లమ్మాయికి ల్యాప్‌టాప్ కావాలని వచ్చింది. కోఠీలో బీకాం మొదటి ఏడాది, 22,000 మించి పెట్టలేరు. ఆ డబ్బుకి కొత్తది ఏది చూసినా సెలెరాన్ దగ్గరే ఆగిపోతోంది. నేను వాళ్లని సీటీసీ తీసుకెళ్లి, ఎనిమిదో తరం టీ480 ఒకటి చూపించాను. బ్యాటరీ నివేదిక తీయించాం, లోపలి బ్యాటరీ ఫర్వాలేదు, వెనకది పోయింది, కొత్తది వేసి ఇస్తేనే అన్నాం. వేశారు. బయోస్‌కి తాళం లేదు, విండోస్ 11 మామూలుగానే ఎక్కింది, బిల్లు ఇచ్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొచ్చి నా దగ్గర ట్యాలీ నేర్చుకుంటోంది, నంబర్ ప్యాడ్ మాత్రం నాదే వాడుకుంటోంది.